లేని కంపెనీల పేర్లతో వ్యాగన్లు ఎలా తిరుగుతున్నాయి?

గేటు_దగ్గర_నాన్న:
అందరికీ నమస్కారం అండీ. మొన్న శనివారం మా ఆరేళ్ల వాడితో ఒహాయోలో ఫోస్టోరియా మీదుగా వెళ్తుంటే గేటు పడింది. గూడ్స్ బండి, ఎంతకీ అయిపోదు. కార్లో కూర్చుని వ్యాగన్ల మీద పేర్లు చదవడం మొదలుపెట్టాం. ఇంజిన్ మీద ఒక కంపెనీ పేరుంటే వెనక వ్యాగన్ల మీద కాన్‌రైల్, సదరన్ పసిఫిక్, చికాగో అండ్ నార్త్ వెస్టర్న్, ఇంకేవేవో ఉన్నాయి. ఒకదాని మీదైతే సగం వెలిసిపోయిన పిల్లిపిల్ల బొమ్మ. ఇంటికొచ్చి చూస్తే వీటిలో ఒక్క కంపెనీ కూడా ఇప్పుడు లేదని తెలిసింది. మరి వాటి వ్యాగన్లు ఇంకా పట్టాల మీద ఎలా ఉన్నాయి?

ఇంకో ప్రశ్న. అక్కడ రైళ్లు చూడటానికని కట్టిన చిన్న పార్కు లాంటిది ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని, ఒళ్లో రేడియో, మెడలో కెమెరా పెట్టుకుని కూర్చున్నారు. గేటు పడకముందే వాళ్లు లేచి నిలబడ్డారు. బండి వస్తోందని ముందే ఎలా తెలిసింది? అసలు గూడ్స్ బండిలో అంత చూడటానికి ఏముందో కూడా తెలుసుకోవాలని ఉంది. ఆ పిల్లి ఎవరిదని మావాడు రోజూ అడుగుతున్నాడు, అది మాత్రం తప్పకుండా చెప్పండి.

వ్యాగన్_నంబర్లు:
ముందు పిల్లి సంగతి. దాని పేరు చెస్సీ. చెసపీక్ అండ్ ఒహాయో అనే రైల్వే 1933లో తన స్లీపర్ బోగీల గురించి పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న పిల్లిపిల్ల బొమ్మ అది. జనానికి ఎంత నచ్చిందంటే దాంతో క్యాలెండర్లు కూడా వేశారు. తర్వాత 1973లో చెసపీక్ అండ్ ఒహాయో, బాల్టిమోర్ అండ్ ఒహాయో, వెస్టర్న్ మేరీలాండ్ మూడూ కలిపి చెస్సీ సిస్టమ్ అని పేరు పెట్టి, పిల్లి నీడను సీ అక్షరంలో ఇమిడ్చి ఇంజిన్లకూ వ్యాగన్లకూ వేశారు. మీరు చూసింది అదే. అది ఇప్పుడు సీఎస్‌ఎక్స్ అనే రైల్వే కంపెనీలో భాగం.

ఇక మీ అసలు ప్రశ్న. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు రంగు మాత్రమే, లెక్కలోకి వచ్చేది వ్యాగన్ నంబరు ముందుండే రెండు నుంచి నాలుగు అక్షరాలు. దాన్ని రిపోర్టింగ్ మార్క్ అంటారు. ఆ వ్యాగన్ ఎవరిదో, అద్దె ఎవరికి పోవాలో, రిపేరు బిల్లు ఎవరికి పంపాలో అంతా ఆ అక్షరాలను బట్టే. ఒక కంపెనీ ఇంకోదాన్ని కొన్నప్పుడు ఆ మార్కు హక్కు కూడా కొన్నవాళ్లకే వస్తుంది. కాబట్టి వేల వ్యాగన్లకు మళ్లీ రంగు కొట్టి నంబర్లు మార్చాల్సిన అవసరం లేదు. యూనియన్ పసిఫిక్ 1995లో చికాగో అండ్ నార్త్ వెస్టర్న్‌ను, 1996లో సదరన్ పసిఫిక్‌ను కలిపేసుకుంది. ఆ పాత మార్కులు ఇప్పటికీ దాని పేరు మీదే ఉన్నాయి. మార్కు చివర ఎక్స్ అక్షరం ఉందంటే అది రైల్వే కంపెనీది కాదు, అద్దెకిచ్చే సంస్థదో ఏదైనా ఫ్యాక్టరీదో అని అర్థం. ట్యాంకర్ల మీద ఎక్కువగా చూస్తారు.

ఇలా పేరు పోయిన రైల్వేలను ఇక్కడి అభిమానులు 'ఫాలెన్ ఫ్లాగ్' అంటారు. ఒక్క సవరణ, కాన్‌రైల్ పూర్తిగా పోలేదు. డెట్రాయిట్, న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా ప్రాంతాల్లో ఆ పేరుతోనే ఇంకా పని నడుస్తోంది, యజమానులు మాత్రం సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్.

ఆల్టూనా_పక్కన:
కాన్‌రైల్ మాట వచ్చింది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి. నేను పెన్సిల్వేనియాలో ఆల్టూనాకి దగ్గర్లో 11 ఏళ్లుగా ఉంటున్నా. ఇక్కడ హార్స్‌షూ కర్వ్ అని ఒక మలుపు ఉంది. కొండ ఎక్కలేక పట్టాలను గుర్రపు నాడా ఆకారంలో లోయ చుట్టూ తిప్పారు, 1854 నుంచీ బండ్లు దాని మీదే నడుస్తున్నాయి. కట్టింది పెన్సిల్వేనియా రైల్‌రోడ్. అలాంటి కంపెనీ ఎలా మాయమైందో తెలిస్తే మీరు చూసిన బండి మొత్తం అర్థమవుతుంది.

దానికి వందేళ్ల ప్రత్యర్థి న్యూయార్క్ సెంట్రల్. రెండూ న్యూయార్క్, చికాగోల మధ్య ప్రయాణికుల కోసం పోటీపడ్డాయి. 1956 తర్వాత ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చాయి, సరుకు లారీలెక్కింది, మనుషులు కార్లూ విమానాలూ ఎక్కారు. కానీ రైల్వేల చేతులు మాత్రం కట్టేసి ఉన్నాయి. రేట్లు మార్చాలన్నా, నష్టాల్లో ఉన్న ప్యాసింజర్ బండి ఆపాలన్నా, ఎవరూ వాడని లైను మూసెయ్యాలన్నా 1887 నాటి ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి, అది ఏళ్లు పట్టేది. చివరికి గత్యంతరం లేక 1968 ఫిబ్రవరి 1న ఈ ఇద్దరు శత్రువులూ కలిసి పెన్ సెంట్రల్ అయ్యారు. రెండు కంపెనీల కంప్యూటర్లకు ఒకదానితో ఒకటి పొసగలేదు, వ్యాగన్లు యార్డుల్లో తప్పిపోయాయి, పాత గొడవలు అలాగే ఉన్నాయి. 1970 జూన్ 21న దివాలా తీసింది, అప్పటికి అమెరికా చరిత్రలో అంత పెద్ద దివాలా ఇంకోటి లేదు.

ఆ దెబ్బకి 1971 మే 1న ప్యాసింజర్ రైళ్లు చాలావరకు ప్రభుత్వం పెట్టిన ఆమ్‌ట్రాక్ సంస్థ చేతికి వెళ్లాయి. ఈశాన్యంలో మునిగిపోయిన రైల్వేల్లో చాలావాటిని కలిపి 1976 ఏప్రిల్ 1న ప్రభుత్వమే కాన్‌రైల్‌ను మొదలుపెట్టింది. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి రేట్ల మీద సంకెళ్లు తీసేశాక ఆ కాన్‌రైలే లాభాల్లోకి వచ్చింది. నా ఉద్దేశంలో ఆ ఒక్క చట్టం లేకపోతే ఇవాళ మీకు గేటు దగ్గర అంత పొడుగు బండి కనిపించేది కాదు. 1999 జూన్ 1న కాన్‌రైల్‌ను 58 శాతం నార్ఫోక్ సదరన్, 42 శాతం సీఎస్‌ఎక్స్ పంచుకున్నాయి.

నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడే ఉంది. పంపకాల్లో వచ్చిన వ్యాగన్లకు నార్ఫోక్ సదరన్ పీఆర్‌ఆర్ అని, సీఎస్‌ఎక్స్ ఎన్‌వైసీ అని మార్కులు వేశాయి. అవి పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ పాత మార్కులు! పోయి 31 ఏళ్లయిన రెండు పేర్లు మళ్లీ వ్యాగన్ల మీదకొచ్చాయి. మీరు తీసిన ఫోటోలుంటే కాన్‌రైల్ అని ఉన్న వ్యాగన్ నంబరు ముందు ఏముందో చూడండి.

రేడియో_వింటా:
మీ రెండో ప్రశ్నకి నేను చెప్తా, ఎందుకంటే అలా కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ని. వాళ్ల ఒళ్లో ఉన్నది స్కానర్. రైల్వే సిబ్బంది మాట్లాడుకునే 160, 161 మెగాహెర్ట్జ్ చానెళ్లు అందులో వినొచ్చు. డ్రైవర్ సిగ్నల్ దాటుతూ పైకి చెప్పేది వినపడుతుంది. అంతకంటే పనికొచ్చేది పట్టాల పక్కనుండే డిటెక్టర్. చక్రాల దగ్గర బేరింగ్ వేడెక్కిందా, ఏదైనా వేలాడుతోందా అని ఆ యంత్రం చూసి, బండి దాటగానే రికార్డు గొంతుతో రేడియోలో చెప్తుంది: ఏ రైల్వే, ఎన్నో మైలు, ఏ ట్రాకు, లోపం ఉందా లేదా, మొత్తం ఇరుసులు ఎన్ని. మైలు నంబరు విన్నామంటే బండి ఎన్ని నిమిషాల్లో మన ముందుకొస్తుందో లెక్క కట్టొచ్చు. బేరింగ్ వేడి ఎంత ప్రమాదమో 2023 ఫిబ్రవరిలో మీ ఒహాయోలోనే ఈస్ట్ పాలస్తీన్‌లో గూడ్స్ బండి పట్టాలు తప్పినప్పుడు అందరూ చూశారు.

గూడ్స్ బండిలో చూడటానికేముందన్నారు. నేను మొదట్లో ఇంజిన్లే చూసేవాణ్ని, నార్ఫోక్ సదరన్ 2012లో 20 ఇంజిన్లకు పాత కంపెనీల రంగులు వేసినప్పుడు వాటి వెంట మూడు రాష్ట్రాలు తిరిగా. ఇప్పుడు వ్యాగన్లే ముఖ్యం. కారణం, ఒక రైల్వే నుంచి ఇంకో రైల్వేకి మారుతూ తిరిగే వ్యాగన్‌కు మామూలుగా 50 ఏళ్లే గడువు. తయారైన నెల, ఏడాది దాని పక్కనే రాసి ఉంటుంది. అంటే డెబ్బైల్లో చెస్సీ రంగు వేసుకున్నవి ఇప్పుడు ఒక్కొక్కటే తుక్కుకి పోతున్నాయి. ఇంజిన్‌ను మ్యూజియం వాళ్లు దాస్తారు, బిగ్ బాయ్ 4014ను యూనియన్ పసిఫిక్ మ్యూజియం నుంచి వెనక్కి తెచ్చి 2019లో మళ్లీ ఆవిరితో నడిపింది. ధాన్యం మోసిన వ్యాగన్‌ను ఎవరు దాస్తారు? అందుకే ఫోటో తీస్తాం.

విన్నిపెగ్_అన్న:
అన్నీ అమెరికా సంగతులే రాశారు, కెనడాని వదిలేస్తే ఎలా? ఇక్కడ కూడా అదే కథ నడుస్తోంది. 1885 నవంబర్ 7న బ్రిటిష్ కొలంబియాలో క్రెగెలాకీ దగ్గర చివరి మేకు కొట్టి కెనడియన్ పసిఫిక్ పూర్తిచేశారు. ఆ కొండల్లో లైను వేయడానికి ప్రాణాలిచ్చిన వాళ్లలో చైనా కూలీలు ఎందరో, ఆ రోజు తీసిన ప్రసిద్ధ ఫోటోలో మాత్రం వాళ్లు లేరు. అది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఆ కెనడియన్ పసిఫిక్ 2023 ఏప్రిల్ 14న కాన్సస్ సిటీ సదరన్‌ను కలుపుకుని సీపీకేసీ అయింది. కెనడా నుంచి మెక్సికో దాకా ఒకే కంపెనీ లైను ఉండటం అదే మొదటిసారి. కాన్సస్ సిటీ సదరన్ పేరున్న వ్యాగన్లు చాలానే తిరుగుతున్నాయి, మీవాడికి చూపించండి, తాజా ఫాలెన్ ఫ్లాగ్ అదే. యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ కూడా విలీనమవుతామని 2025 జులైలో ప్రకటించాయి, దానికి అమెరికాలో రైల్వేలను నియంత్రించే సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు ఒప్పుకోవాలి.

గేటు_దగ్గర_నాన్న:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. మావాడు ఫోన్లో తీసిన ఫోటోలు ఇప్పుడే పెద్దవి చేసి చూశాం. కాన్‌రైల్ వ్యాగన్ నంబరు ముందు ఎన్‌వైసీ అనే ఉంది! పిల్లి బొమ్మ వ్యాగన్ మీద తయారీ తేదీ 6-78 అని కనిపిస్తోంది, మార్కు మాత్రం చెస్సీ అని లేదు, బీ అండ్ ఓ అని ఉంది. ఇది ఎందుకలా? ఇంకా, ఆ వ్యాగన్ ఇప్పుడు ఎక్కడుందో మనం తెలుసుకోవచ్చా? వాడు అదే అడుగుతున్నాడు.

వ్యాగన్_నంబర్లు:
చెస్సీ సిస్టమ్ అనేది పైన పెట్టుకున్న పేరు, ఆస్తి మాత్రం కింది మూడు రైల్వేల్లో ఏదో ఒకదానిదే. అందుకే బీ అండ్ ఓ మార్కు. ఆ బాల్టిమోర్ అండ్ ఒహాయోకి 1827లో అనుమతి వచ్చింది, 1987 దాకా ఆ పేరుతోనే ఉంది, అంటే బాబు ఫోటో తీసింది 160 ఏళ్లు బతికిన పేరుని. 6-78 అంటే గడువు 2028 జూన్ దాకా ఉంటుంది, మధ్యలో పాడైతే అంతకుముందే తుక్కుకి పోవచ్చు.

ఇప్పుడెక్కడుందో రైల్వేలకూ సరుకు పంపేవాళ్లకే తెలుస్తుంది, మనకి చెప్పరు. కానీ పూర్తి నంబరు ఇక్కడ పెట్టండి, ఇందులో ఎవరికైనా కనబడితే ఊరు పేరు, తేదీ రాస్తారు. నేనైతే ఈ వారాంతం టొలీడో వైపు వెళ్తున్నా, చూస్తా. ఒక్క మాట, మంచి ఫోటో కోసం బాబుని పట్టాల దగ్గరికి తీసుకెళ్లకండి, అది రైల్వే స్థలం, అడుగుపెడితే కేసవుతుంది. ఆ పార్కు నుంచే మార్కులు బాగా కనిపిస్తాయి, ఒక చిన్న బైనాక్యులర్ ఉంటే చాలు.