తమకే గడవనప్పుడు ఊరికి డబ్బు పంపాలా? (అమెరికాలోని మినియాపోలిస్ సోమాలీల విషయం)

మంచుదేశం_మావయ్య:
నేను పనిచేసే గిడ్డంగిలో ప్యాకింగ్ సెక్షన్ సగం సోమాలీలే. అందులో ఒకాయనకి యాభై దాటాయి. శుక్రవారం జీతం పడగానే నోట్లు పట్టుకుని కార్మెల్ మాల్‌లో హవాలా కౌంటర్‌కి వెళ్తాడు. 300 డాలర్లు సోమాలియాలోని మొగదిషుకి పంపాకే అద్దె సంగతి. పోయిన నెల అద్దెకి తక్కువైతే నన్ను 200 అడిగాడు. ఇచ్చాను, తిరిగిచ్చేశాడు, అది కాదు నా బాధ. చేతిలో ఏమీ లేనివాడు పంపడమేంటి? ముప్పై ఏళ్లయినా వీళ్లు పైకి రాకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఇల్లు కొనరు, పిల్లల చదువుకి దాచరు. తిట్టకుండా వాదించండి.

కరీంనగర్_పిల్లగాడు:
అన్నా, మా నాయన పదహారేళ్లు దుబాయ్‌లో ఒకే గదిలో పన్నెండు మందితో ఉండి పంపిన డబ్బుతోనే నేను ఇంజినీరింగ్ చేశాను. "ముందు నీ సంగతి చూసుకో" అని ఆయనకీ ఎవరో చెప్పే ఉంటారు. వినలేదు కాబట్టి నేను ఇక్కడ టైప్ చేస్తున్నాను. సోమాలియాలో 1991లో ప్రభుత్వమే కూలిపోయింది. అక్కడి ముసలమ్మకి పింఛనంటే అమెరికాలో ఉన్న కొడుకే. 2011 కరువులో రెండున్నర లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ 300 రాకపోతే ఏమవుతుందో ఆ పెద్దాయన చూసినవాడు.

లెక్కల_మాస్టారు:
మావయ్యగారూ, ఇల్లు కొనకపోవడానికీ పంపడానికీ ముడిపెట్టకండి. ఇస్లాం ప్రకారం వడ్డీ ఇవ్వడమూ తీసుకోవడమూ తప్పని నమ్మేవాళ్లు చాలామంది మామూలు హోమ్ లోన్ తీసుకోరు. పైగా తొలివాళ్లు వచ్చింది కెన్యా శరణార్థి శిబిరాల నుంచి, చదువు మధ్యలో తెగిపోయి. చాలామంది మిన్నెసోటాలోనే మార్షల్ అనే ఊళ్లో టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో చేరారు. మనం హెచ్1బీ మీద డిగ్రీ పట్టుకుని దిగినవాళ్లం. పోల్చడమే తప్పు.

నిజం_నిష్ఠూరం:
అందరూ సెంటిమెంటు మాట్లాడుతున్నారు. హవాలా అంటేనే లెక్కాపత్రం లేని డబ్బు. తీవ్రవాదులకి వెళ్లడం లేదని గ్యారంటీ ఏంటి?

లెక్కల_మాస్టారు:
వెళ్లిన సందర్భం ఉంది, దాచక్కర్లేదు. మిన్నెసోటాలోని రోచెస్టర్‌కి చెందిన ఇద్దరు మహిళలు సోమాలియా తీవ్రవాద సంస్థ అల్-షబాబ్‌కి డబ్బు చేర్చారని 2011 అక్టోబరులో కోర్టు తేల్చింది. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పండి. మిన్నెసోటాలో ఈ కౌంటర్లకి ఖాతాలిచ్చిన బ్యాంకు, రిస్కు మాకొద్దని అదే ఏడాది డిసెంబరు 30న ఆ ఖాతాలు మూసేసింది. సరిగ్గా కరువు నడుస్తున్న ఏడాది! ఇద్దరి తప్పుకి వేలమంది తల్లుల డబ్బు ఆగింది. 2013లో బ్రిటన్‌లో బార్‌క్లేస్ కూడా ఇదే బాట పడితే సోమాలియాలో పుట్టిన బ్రిటిష్ పరుగువీరుడు మో ఫరా వద్దని గొంతెత్తాడు. ఇంకో మాట, ఈ కౌంటర్లు లైసెన్సు తీసుకుని, గుర్తింపు కార్డు చూసే పంపుతాయి. మన హుండీ వ్యవహారంలా చీటీ మీద నడవవు.

డాలస్_పిన్ని:
2025 మేలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గగ్గోలు, గుర్తుందా? ఇండియాకి పంపితే 5 శాతం పన్నని. తర్వాత 3.5 అన్నారు, చివరికి 1 శాతం చేశారు. అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాళ్లకే. 2026 జనవరి 1 నుంచి అమలు. మనం బ్యాంకు ఖాతా నుంచి పంపుతాం కాబట్టి మనకి తప్పింది, మన గ్రూపులూ చల్లబడ్డాయి. మావయ్యగారు చెప్పిన పెద్దాయన నోట్లు పట్టుకెళ్తాడు. కౌంటర్ చార్జీ కాక, 300 మీద ఇంకో 3 డాలర్లు. చిన్నదే, కానీ ఎవరి జేబు మీద పడిందో చూడండి.

మంచుదేశం_మావయ్య:
నిన్న బ్రేక్‌లో ఆయన్నే అడిగాను. దాచరన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లకీ చీటీలున్నాయి, "అయూటో" అంటారట. పదిహేను మంది, నెలకి తలా 200. పాట లేదు, కసరు లేదు, వంతులవారీగా మొత్తం ఒకరికి. ఆయన వంతు ఆగస్టులో, కూతురి కాలేజీ ఫీజుకి. నా 200 అప్పు కూడా చీటీ తప్పకూడదనే అడిగాడట.

కానీ ఒకటి మాత్రం ఒప్పుకోను. వాళ్లబ్బాయికి పంతొమ్మిదేళ్లు, పార్ట్‌టైమ్ చేస్తూ చదువుకుంటున్నాడు. వాడెప్పుడూ చూడని మేనత్త కొడుక్కి నెలకి 50 పంపమని తండ్రి హుకుం. ఆ కుర్రాడు నా ముందే ముఖం మాడ్చుకున్నాడు. ఇది ఎక్కడ ఆగుతుంది?

కరీంనగర్_పిల్లగాడు:
అక్కడ మీరన్నది కరెక్టే అన్నా. నాయన పోయాక మా చిన్నత్తకి నెలకి ఐదువేలు నేను పంపుతున్నాను. ఇద్దరు కొడుకులు స్థిరపడ్డారు, అవసరం లేదు. ఆపాలంటే ఫోన్ చేసి చెప్పాలి కదా. రెండేళ్లుగా ఆ ఫోనే చేయలేకపోతున్నాను.