ఎన్నిక వచ్చినప్పుడల్లా తుపాకి ఠాణాకు, చేను పందులకు: మా మాట ఎవరికి చెప్పుకోవాలి?

పాకాల రైతు:

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట అవతల, పాకాల అడవికి ఆనుకొని ఉన్న ఒక పల్లె. పంట రక్షణ కోసం మా నాన్నగారికి ఇచ్చిన లైసెన్సు, దాని మీద కొన్న 12 బోరు సింగిల్ బ్యారెల్ తుపాకి ముప్పై ఏళ్లకు పైగా మా ఇంట్లో ఉన్నాయి. ఇన్నేళ్లలో అది ఏ మనిషి వైపూ తిరగలేదు. నిజం చెప్పాలంటే పంది మీద కూడా పేలలేదు, ఎందుకంటే మా నాన్న మంచె మీద నుంచి పైకి ఒక తూటా పేలిస్తే చాలు, ఆ చప్పుడుకు మంద అడవిలోకి మళ్లిపోయి రెండు మూడు రాత్రుల దాకా మా చేని వైపు రాదు.

ఇక అసలు సంగతి. 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ రాగానే ఠాణా నుంచి కబురు వచ్చింది, తుపాకి అప్పగించి రసీదు తెచ్చుకున్నాం. అప్పుడే పల్లి విత్తి ఉన్నాం. విత్తిన గింజను పందులు సాళ్ల వెంబడి తవ్వి తింటే రెండోసారి విత్తనం కొనవలసి వచ్చింది. డిసెంబర్ 3న ఫలితాలు వచ్చాక తుపాకి చేతికి అందింది. ఊపిరి పీల్చుకునేలోపే 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది, అప్పుడు యాసంగి మక్క కంకి పాలు పోసుకుంటున్నది. మళ్లీ రసీదు, మళ్లీ జూన్ దాకా ఎదురుచూపు. మూడెకరాల మక్కలో ఎకరానికి పైగా నేలపాలైంది.

రెండు ఎన్నికలకూ మా ఊరికి ప్రచారానికి వచ్చిన నాయకులను నాన్న స్వయంగా అడిగారు. వాళ్ల వెనుక నలుగురు గన్‌మెన్లు నిలబడి ఉన్నారు. ఒకాయన "చూద్దాం పెద్దాయనా" అన్నారు, ఇంకొకాయన నవ్వి చేతులు జోడించి ముందుకు నడిచారు. నాన్నకు ఇప్పుడు 74 ఏళ్లు, రాత్రిపూట మంచె ఎక్కలేరు. లైసెన్సు నా పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టి పద్నాలుగు నెలలు దాటింది. ఇస్తామనీ చెప్పరు, ఇవ్వమనీ చెప్పరు. చట్టాలు చేసేవారికి తుపాకి అంటే ఒకటే బొమ్మ, అది రౌడీ చేతిలోదో గన్‌మెన్ చేతిలోదో. రైతు చేతిలోని తుపాకి గురించి ఎవరిని కదిలిస్తే పని జరుగుతుందో తెలిసినవారు చెప్పగలరు.

హన్మకొండ వకీలు:

పాకాల రైతు గారికి, మీ కోపం న్యాయమైనదే గానీ అందులో సగం చేరవలసిన చోటికి చేరడం లేదు. ఆయుధాల విషయం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 5వ అంశం. అంటే 1959 నాటి ఆయుధాల చట్టంలో ఒక్క అక్షరం మార్చాలన్నా అది పార్లమెంటు పని, మీ ఎమ్మెల్యే ఎంత మంచివాడైనా అసెంబ్లీలో దాన్ని మార్చలేడు. పందిని ఏం చేయవచ్చన్నది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ చూసుకునే వేరే వ్యవహారం. ఎన్నికలప్పుడు తుపాకి అప్పగించమనడం ఎన్నికల సంఘం సూచనల మీద నడుస్తుంది. ఇన్ని తలుపులు ఉన్నందువల్లనే ప్రతి నాయకుడూ పక్క తలుపు చూపించి తప్పించుకోగలుగుతున్నాడు.

చాలామంది రైతులకు తెలియని విషయం ఒకటున్నది. ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ రైతు పట్ల కఠినంగా లేదు. నిజమైన పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే నాటు తుపాకిని, అంటే మన పెద్దలు భర్మార్ అనే రకాన్ని, పౌరుడు అడిగితే లైసెన్సు ఇవ్వవలెను అన్నట్టే రాశారు. అది సరిపోదని అధికారి నమ్మితే 20 అంగుళాలకు తక్కువ కాని, లోపల గాట్లు లేని నున్నటి గొట్టం గల తుపాకికి కూడా ఇవ్వవచ్చు. అయితే దాని పక్కనే 14వ సెక్షన్ ఉన్నది, ప్రజా భద్రత పేరుతో నిరాకరించే అధికారం అందులో ఉన్నది. నిరాకరిస్తే మాత్రం కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. ఇవ్వకుండా, నిరాకరించకుండా ఫైలును పక్కన పెట్టడం ఎందుకు జరుగుతుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది: రాసి ఇచ్చిన దాని మీదే కదా అప్పీలు.

మీ దరఖాస్తు సంగతికి వస్తే, 2016 ఆయుధాల నియమావళిలోని 25వ నియమం చదవండి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, రెండింటిలో ఏది ముందైతే అప్పటి నుంచి, ఆయన బతికి ఉండగానే చట్టబద్ధ వారసునికి లైసెన్సు కోరవచ్చు. మీ నాన్నగారి విషయంలో రెండూ నిండాయి. పోలీసు నివేదికకు 30 రోజులు, అది అందిన తరువాత నిర్ణయానికి 60 రోజులు గడువు ఉన్నది. గడువులో నివేదిక రాకపోతే దాని కోసం ఆగకుండానే లైసెన్సు అధికారి ఉత్తర్వు ఇవ్వవచ్చని చట్టమే చెబుతున్నది. కాబట్టి ముందు నాయకుని ఇంటికి కాదు, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తుతో వెళ్లండి. పోలీసు నివేదిక ఏ తేదీన అడిగారు, ఏ తేదీన వచ్చింది, ఇప్పుడు ఫైలు ఎవరి బల్ల మీద ఉన్నది అని మూడు ప్రశ్నలే అడగండి. దేశభక్తి, రైతు కన్నీళ్లు అందులో రాయవద్దు, ఆ కాగితం చదివే గుమాస్తాకు తేదీలే భయం.

ఎన్నికల అప్పగింత గురించి కూడా ఒక మాట. అందరి తుపాకులూ తీసుకోమని ఎన్నికల సంఘం చెప్పలేదు. బెయిలు మీద ఉన్నవారు, నేర చరిత్ర ఉన్నవారు, గతంలో ముఖ్యంగా ఎన్నికలప్పుడు గొడవల్లో ఉన్నవారు, వీళ్ల లైసెన్సులను జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ పరిశీలించి నిర్ణయించాలి. 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు కూడా కారణం లేకుండా గంపగుత్తగా అందరినీ అప్పగించమనడం కుదరదన్నది. ఆ తీర్పు మన దగ్గర నేరుగా కట్టుబడి ఉండవలసినది కాకపోయినా, దాని ప్రతిని జత చేసి, కోడ్ రాకముందే కమిటీకి మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు.

ఏటూరునాగారం టీచరమ్మ:

రైతు అన్నగారి బాధ నాకు తెలుసు, మా పుట్టింటి వాళ్లది కూడా అడవి అంచు సేద్యమే. కానీ ఇక్కడ ఒక విషయం మరిచిపోతున్నామని అనిపిస్తున్నది. మా చుట్టుపక్కల లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లు ఊరికి ఒకటి కూడా ఉండదు. మిగిలిన రైతులు పందుల కోసం ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు: చేను చుట్టూ బైండింగ్ వైరు కట్టి నేరుగా కరెంటు ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం వైపు అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు జంతువుల కోసం ఎవరో పెట్టిన అలాంటి తీగ తగిలి చనిపోయారు. పొద్దున్నే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లి పక్క చేని తీగకు బలైన రైతుల వార్తలు మనం పత్రికలో చదివి పేజీ తిప్పేస్తున్నాం.

అందువల్ల నాయకులను అడిగేటప్పుడు తుపాకి ఒక్కటే అడిగితే అది పదిమంది కోరిక అవుతుంది, పందుల సంగతి అడిగితే మండలమంతా కలిసి వస్తుంది. కేరళలో 2022లో అక్కడి ప్రభుత్వం పంట నాశనం చేసే అడవి పందులను కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షులకు అప్పగించింది, లైసెన్సు ఉన్నవారి చేతనే ఆ పని చేయిస్తున్నది. ఆ పని ఢిల్లీ కాదు, రాష్ట్రం చేసింది. మనవాళ్లను నిలదీయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఇంట్లో పిల్లలున్న చోట తుపాకులు పెరగాలని మాత్రం నేను కోరుకోను, తప్పుగా అనుకోకండి.

కరీంనగర్ ఫౌజీ:

వకీలు సాబ్ చెప్పినవన్నీ సరైనవే. అయినా నాయకులను అంత తేలికగా వదిలేయడం నాకు నచ్చలేదు. 2019 చట్ట సవరణ ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. అప్పటి దాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు, దాన్ని ఒకటికి తగ్గిస్తూ బిల్లు తెచ్చారు. షూటింగ్ క్రీడాకారులు, తాతల తుపాకులు ఇంట్లో ఉన్న కుటుంబాలు గోల చేశాయి, పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ కేంద్ర హోం మంత్రికి లేఖ రాశారు, చివరికి ఒకటి కాస్తా రెండు అయింది. డిసెంబర్ 9న లోక్‌సభ, 10న రాజ్యసభ, రెండు రోజుల్లో అంతా ముగిసింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు, ఆ ఒక్క మేలును ఒప్పుకోవాలి. అంటే అడిగేవాడికి గొంతు ఉంటే చట్టం కూడా వంగుతుందన్న మాట. కర్ణాటకలోని కొడగు వాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి ఉన్న లైసెన్సు మినహాయింపును అదే 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. మన పాకాల రైతు తరఫున లేఖ రాసిన ముఖ్యమంత్రీ లేడు, ఎంపీ లేడు.

నా దగ్గర మూడు ఉండేవి. మా తాత నాటి డబుల్ బ్యారెల్‌ను ఆ సవరణ తరువాత ఏడాది గడువులో ఠాణాలో అప్పగించాను. సైన్యంలో పదిహేడేళ్లు తుపాకి మోసిన నాకు, దాన్ని బల్ల మీద పెట్టి సంతకం చేసిన రోజు ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. ఇప్పుడు నా సొంత తుపాకితో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాను. ప్రతి ఎన్నికకూ కంపెనీ లెటర్ పట్టుకొని మినహాయింపు కోసం తిరగాలి, ఆలస్యమైతే ఆ రోజుల జీతం పోయినట్టే.

అదే సవరణలో వేడుకల్లో గాలిలోకి కాల్చి ఇతరులను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ అని రాశారు. మంచిదే. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ ర్యాలీలో అప్పటి మంత్రి ఒకరు పోలీసు తుపాకి తీసుకొని గాలిలోకి పేల్చారు, అడిగితే రబ్బరు బుల్లెట్ అన్నారు. ఆ వీడియో చూసినవారు నా కోపాన్ని అర్థం చేసుకుంటారు. టీచరమ్మ గారూ, తుపాకులు పెరగాలని నేను కూడా అనడం లేదు, ఉన్నవాడిని దొంగలా చూడవద్దని మాత్రమే అంటున్నాను.

పాకాల రైతు:

అందరికీ ధన్యవాదాలు. 25వ నియమం గురించి మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. దరఖాస్తులో నేను దాని ప్రస్తావనే చేయలేదు, తండ్రి ముసలివారు కనుక కొడుకుకు ఇవ్వగలరు అని మాత్రమే రాశాను. సమాచార హక్కు కాగితం ఈ వారంలోనే వేస్తాను. టీచరమ్మ గారు చెప్పిన కేరళ సంగతి మా గ్రామసభలో పెడతాను. కరెంటు తీగ మా ఊరిలో కూడా ఉన్నది, ఎవరిదో చెప్పను, అతనూ నష్టపోయిన రైతే. వకీలు గారూ, ఒక్క సందేహం: కార్యాలయానికి నాన్నను కూడా తీసుకువెళ్లాలా, ఆయన సంతకం చేసిన కాగితం సరిపోతుందా?

హన్మకొండ వకీలు:

కాగితం చాలవచ్చు. అయినా తీసుకువెళ్లండి, లైసెన్సు పుస్తకమూ పాత అప్పగింత రసీదులూ కూడా ఆయన చేతిలోనే పెట్టండి. రసీదుల మీది తేదీలను కలిపితే ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు అప్పగించారో, ఎన్నిసార్లు ఏ ఫిర్యాదూ లేకుండా తిరిగి తెచ్చుకున్నారో వరుసగా కనిపిస్తుంది. స్క్రీనింగ్ కమిటీకి పెట్టే అర్జీకి అంతకంటే మంచి జతపత్రం ఉండదు.