ఎక్సోమ్ పరీక్షలో ఏమీ తేలలేదు, ఇప్పుడు ఏమి అడగాలి?

మా తమ్ముడికి 14 ఏళ్లు. రెండేళ్లుగా నడక తూలుతోంది. చీకట్లో గోడ పట్టుకోనిదే అడుగు వేయలేడు. మోకాలి కింద సుత్తితో తట్టినా కాలు ఉలకదు. ఫ్రీడ్రిక్ అటాక్సియా (నరాలు దెబ్బతిని నడక తూలే వంశపారంపర్య జబ్బు) అని అనుమానించి వైద్యులు ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగాలను చదివే పరీక్ష) చేయించారు. ఏమీ తేలలేదు. ఈ జబ్బులో ఎఫ్‌ఎక్స్‌ఎన్ జన్యువులో జీఏఏ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు వందలసార్లు పునరావృతమవుతాయనీ, వాటిని ఎక్సోమ్ సాధారణంగా పట్టుకోలేదనీ తర్వాత చదివాను. మరి ఆ ఎక్సోమ్ పరీక్షే ఎందుకు రాశారో! పునరావృతాలను లెక్కించే పరీక్ష విడిగా చేయించుకున్నవారు ఉన్నారా? వైద్యుడిని నొప్పించకుండా ఎలా అడిగారు?

ఈ జబ్బుకు వాడే ఒమావెలోక్సోలోన్ మందుకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చినా, అది 16 ఏళ్లు నిండినవారికే. అంతకన్నా చిన్నపిల్లలను ఏదైనా క్లినికల్ పరిశోధనలో చేర్పించినవారు ఉంటే, నిర్ధారణ కాగితాలు ఏమేమి అడిగారో దయచేసి చెప్పండి.