టర్బో పెట్రోల్ కారు లోడ్ మీద లాగడం లేదు, టర్బోనే మార్చాలా?

మాది కావలి. ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు, డైరెక్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేరు. 60 వేల కిలోమీటర్లు దాటింది. ఊళ్లో తిప్పితే ఏ తేడా తెలియదు. హైవే మీద ఒంగోలు వైపు నలుగురం ఏసీ వేసుకుని పోతూ లారీని దాటబోతే, 2000 ఆర్‌పీఎం తర్వాత రావాల్సిన ఊపు రావడం లేదు. బానెట్ లోపల్నుంచి బుస్సుమని గాలి పోతున్న చప్పుడు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే చెక్ ఇంజిన్ లైటు వెలిగి బండి పూర్తిగా నీరసపడింది. స్కాన్‌లో పి0299 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) తక్కువ.

సర్వీసు సెంటర్లో టర్బో మార్చాలన్నారు. నాకది తొందరపాటు అనిపిస్తోంది. పొగ లేదు, ఇంజిన్ ఆయిల్ తగ్గట్లేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌కి పోయే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర మాత్రం ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. పైపు లోపల కాస్త ఆయిల్ ఉండటం మామూలే. బయటికి వచ్చిందంటే గాలీ అక్కడే పోతున్నట్టు కదా?

వేస్ట్‌గేట్ (బూస్ట్ ఎక్కువ కాకుండా ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి వదిలే తలుపు) సరిగ్గా మూసుకోకపోయినా, డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు అదనపు గాలిని మళ్లించేది) లీకైనా ఇదే కోడ్ వస్తుంది. ఏది ముందు చూడమంటారు? నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు పట్టుకోవడం) చేసే మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండి. అమ్మను ఆస్పత్రికి తరచూ నెల్లూరు తీసుకుపోవాలి. అందాకా మెల్లగా నడిపితే ఇంజిన్‌కి ఏమైనా ప్రమాదమా?