పనిచేసే అక్క లిఫ్ట్ ఎక్కొద్దట, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మేము హనుమకొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మాది నాలుగో ఫ్లోర్. పోయిన నెల అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ పక్కన కాగితం అతికించారు, పనివాళ్లు, డెలివరీ వాళ్లు మెట్ల మీదుగానే రావాలని. మా ఇంట్లో అంట్లు తోమే అక్క కాజీపేట నుంచి షేర్ ఆటోలో వస్తుంది, మోకాళ్ల నొప్పులు, ఇదే బిల్డింగులో మూడిళ్ల పని. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకాయన "కరెంటు బిల్లు కట్టేది మనం కదా" అన్నాడు. ఆయన కుక్క మాత్రం రోజూ లిఫ్ట్‌లోనే దిగుతుంది, దాని బిల్లు ఎవరు కడుతున్నారో మరి.

మా తాత ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన ఆ మిల్లు మీద ఈ ఊళ్లో ఎన్ని కుటుంబాలు బతికాయో పాతవాళ్లకు తెలుసు. మా వాట్సాప్ గ్రూపులో వాళ్ల ఇళ్లలోనూ వెతికితే బీడీలు చుట్టిన అమ్మమ్మో, సింగరేణిలో బొగ్గు తవ్విన తాతో దొరుకుతారు, రెండు తరాలకే మర్చిపోతే ఎట్లా?

నా డౌట్ ఏంటంటే, బైలాలో, అంటే అసోసియేషన్ రాసుకున్న నియమాల్లో లేకుండా, మీటింగ్ పెట్టకుండా కమిటీ ఇలాంటి రూల్ పెట్టొచ్చా? 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం ఇంటిపని చేసేవాళ్లను కూడా కార్మికులుగానే చూసింది, కానీ అది లిఫ్ట్ గొడవకు పనికొచ్చేది కాదు. గట్టిగా మాట్లాడదామంటే ఆ అక్క పని పోతుందేమోనని టెన్షన్, మిగతా రెండిళ్లూ కమిటీ వాళ్లవే. మీ దగ్గర ఎవరైనా ఇలాంటి రూల్ తీయించారా? ముందు ఎవరితో మాట్లాడారు?