పాత కిటికీ అద్దాలు, పట్టుచీర కుషన్ కవర్లు: లైకులు వస్తున్నాయి, డబ్బు మిగలడం లేదు

ప్రశ్న (నరసాపురం నుంచి)

అందరికీ నమస్కారం. ఏడాదిగా నేనూ మా అమ్మా ఇంట్లోనే పాత వస్తువులను కొత్తగా మార్చి అమ్ముతున్నాం. అమ్మ పాత పట్టుచీరలతో కుషన్ కవర్లు కుడుతుంది, కొన్నిటికి అంచున లేసు అల్లుతుంది. నేను పాత టేకు కిటికీ చట్రాలు తెచ్చి, రంగు గీకించి, అద్దాలు బిగించి గోడకు పెట్టుకునేలా చేస్తాను. మా వైపు మండువా ఇళ్ళు కూల్చినప్పుడల్లా ఇవి దొరుకుతున్నాయి. ఇన్‌స్టాలో పెడితే అందరూ బాగున్నాయంటారు. మొన్న లెక్క రాసుకుంటే ఏడుపొచ్చింది.

ఒక అద్దం లెక్క ఇది. చట్రం 900, వడ్రంగికి 600, అద్దం 450, పాలిష్ 200, ప్యాకింగ్ 250, కొరియర్ 780. మొత్తం 3,180. అమ్మింది 3,200కి. రెండు రోజుల పనికి ఇరవై రూపాయలు మిగిలాయి. దానికి ముందు బెంగళూరు పంపిన అద్దం దారిలో పగిలింది, డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాం. ఇంకొకాయన "యాంటిక్ అని రాశారు కదా, ఎన్నేళ్ళదో రుజువు చూపించండి" అని అడిగి, నేను చూపించలేకపోతే తిప్పి పంపేశారు. అద్దాలు మానేయాలా? ధర పెంచితే ఎవరైనా కొంటారా? అమ్మ ముందు ధైర్యంగా ఉంటున్నాను గానీ లోపల చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాజమండ్రి నుంచి)

అమ్మా, ముందు మీరు లెక్క రాసుకున్నారు చూడండి, అదే పెద్ద పని. నేను ఎనిమిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. మొదటి మూడేళ్ళు లెక్క రాయలేదు, ఆ నష్టం ఇప్పటికీ గుర్తుంది.

మీ అద్దంలో తప్పేమీ లేదు. కాకపోతే అది ఒక్కటే ఉన్న వస్తువు. దాన్ని వెతికి తేవడం, కొలవడం, ఫొటోలు తీయడం, వివరం రాయడం, అడిగిన పదిమందికి జవాబులు చెప్పడం, సరిపోయే పెట్టె చేయడం, ఇదంతా ఆ ఒక్క అద్దం మీదే పడుతుంది. అమ్ముడుపోగానే మళ్ళీ మొదటికి రావాలి. అదే కుషన్ కవరు అయితే 16 అంగుళాల కొలత ఒకసారి నిర్ణయిస్తే చాలు. కత్తిరింపు అదే, ప్యాకింగ్ కవరు అదే, తూకం అదే. బట్ట మాత్రం మారుతుంది. మనలాంటి వాళ్ళకి ఇల్లు గడిపేది ఈ రెండో రకం. మొదటి రకం పేజీకి అందం, మీ పేరు నలుగురికీ తెలిసేది దాని వల్లే. అది మానొద్దు, కానీ దాని మీద బతకాలని చూడొద్దు.

మీ అమ్మగారి కుషన్లకు నా లెక్క వేసి చూపిస్తాను. పాత పట్టుచీర 400కి వచ్చిందనుకుందాం. మడతల దగ్గర చీకిపోయినవి, మరకలున్నవి తీసేస్తే ఎనిమిది ముఖాలు (కవరు ముందు వైపు ముక్కలు) వస్తాయి. ఒక్కోదానికి బట్ట 50. వెనక కాటన్ బట్ట, లోపల లైనింగ్ కలిపి 70. జిప్పు 12. కుట్టుకూలి 80. అవును, మీ అమ్మగారికి కూలి రాయాల్సిందే. ఇంట్లో మనిషే కదా అని సున్నా వేస్తే, రేపు ఆర్డర్లు పెరిగి బయట మనిషిని పెట్టుకున్న రోజు ధరంతా తారుమారు అవుతుంది. కవరుకు 212 పడింది. 350 చొప్పున రెండు అమ్మితే 700 వస్తుంది. తయారీ 424, కొరియర్, ప్యాకింగ్ 100 పోను 176 మిగులుతుంది. అదే అయిదింటి సెట్ అయితే 1,750. తయారీ 1,060, పంపకానికి 190. మిగిలేది 500. మన ఇళ్ళలో సోఫాకి అయిదు సెట్టే అడుగుతారు కాబట్టి విడివిడిగా అమ్మకండి. విడిగా ఒకటి కావాలంటే ధర ఎక్కువ పెట్టండి.

పాత పట్టు విషయంలో ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న చీర ఆ గీత మీదే చిరుగుతుంది. కత్తిరించే ముందు వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నబడిన చోటు కనిపిస్తే వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటించే బట్ట) వేసినా కుషన్‌గా ఎన్నాళ్ళో నిలవదు, గోడకు ఫ్రేములో పెట్టే ముక్కగా వాడండి. జరీ అంచును జిప్పు వైపు రానీయొద్దు, అక్కడ రాసుకుని పోగులు లేస్తాయి.

ఇక "యాంటిక్" అన్న మాట ఈ రోజే తీసేయండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలు, కళాకృతులు, చేతిపని వస్తువుల్లాంటివి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ కిటికీ అలాంటిది కాకపోవచ్చు. కానీ ఆ మాట రాసినందుకే రుజువు అడిగే హక్కు కొన్నవాళ్ళకు వచ్చింది. "పాత ఇంటి టేకు కిటికీ చట్రం, కొత్త అద్దం, కొత్త పాలిష్" అని రాయండి. ఏది పాతదో, ఏది కొత్తదో విడమర్చి చెప్తే నమ్మకం పెరుగుతుంది, నేను చూశాను. చేతిపని, పాత వస్తువులు అమ్మే ఎట్సీ సైట్‌లో కూడా వింటేజ్ అని పెట్టాలంటే వస్తువు కనీసం 20 ఏళ్ళ నాటిదై ఉండాలి. పాతవాటి తీరులో కొత్తగా చేసినది అయితే "వింటేజ్ తీరు" అనే రాయాలి.

లేసు గురించి కూడా. నరసాపురం అల్లిక లేసుకి జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది. మీ అమ్మగారు చేత్తో అల్లినది అయితే ధైర్యంగా ఆ మాట చెప్పండి, అల్లుతున్న వీడియో పెట్టండి. బజార్లో కొన్న మిషన్ లేసు కుట్టిన రోజు మాత్రం ఆ పేరు వాడకండి.

జవాబు (హైదరాబాద్, ఎర్రగడ్డ నుంచి)

మాది పాత కలప పని. రాజమండ్రి అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

మొదటిది ఆరోగ్యం. పాత కిటికీల మీది రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పూతలు ఎలాంటివో మనకు తెలియదు. పొడి కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. నీళ్ళు చల్లి, తడి మీదే గీకండి. మంట పెట్టి రంగు లేపొద్దు. మామూలు గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 వాడండి. గీకిన పెచ్చులు కాగితంలో చుట్టి పారేయండి, పెరట్లోకి ఊడ్చేయొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పని ఇంటి బయట పెట్టుకోండి. ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

రెండోది కొరియర్. మీకు 780 ఎందుకు పడిందో చెప్తాను. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోల బరువుగా తీసుకుంటారు చాలామంది కొరియర్ వాళ్ళు. 60, 45, 15 పెట్టె అయితే 8.1 కిలోల కింద లెక్క. లోపలి వస్తువు అయిదు కిలోలే ఉన్నా సరే. కాబట్టి వస్తువు చేసేముందే పెట్టె కొలత వేసుకోవాలి.

నేనైతే దూరప్రాంతాలకు అద్దం పంపను, చట్రం మాత్రమే పంపుతాను. వెనక గాడి శుభ్రంగా చేసి, అద్దం కొలత కాగితం మీద రాసి, మేకులు, హుక్కులు చిన్న పొట్లంలో పెట్టి ఇస్తాను. వాళ్ళ ఊళ్ళో అద్దాల కొట్టు వాడు పది నిమిషాల్లో బిగిస్తాడు. పగలడం అన్న మాటే లేదు, ధర కూడా తగ్గుతుంది. అద్దంతోనే కావాలంటే మా ఊళ్ళో వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకే. తప్పక పంపాల్సి వస్తే అద్దం మీద అడ్డంగా, నిలువుగా, మూలలకు టేపు వేసి, పెట్టెలో పెట్టె పెట్టి, మధ్యలో నాలుగు వేళ్ళ సందు ఉండేలా గట్టిగా కూరండి. ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీసి ఉంచండి, తెరిచేటప్పుడు వీడియో తీయమని వాళ్ళకూ చెప్పండి.

కొనేచోట రసీదు తీసుకోండి. లేదంటే కనీసం ఇల్లు కూలుస్తున్నప్పటి ఫొటో, అమ్మినవారి పేరు పుస్తకంలో రాసుకోండి. గుడి సామాను అని అనుమానం వస్తే ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా, అన్నా. చట్రం మాత్రమే పంపడం అన్న ఆలోచన నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. రంగు నేను పొడిగానే రుద్దుతున్నాను, ఈ రోజు నుంచి ఆపేస్తాను. ఇంకొకటి: జీఎస్టీ నంబరు లేకుండా పెద్ద సైట్లలో పెట్టొచ్చా? అమెరికాలో మా పిన్ని వాళ్ళు అక్కడ బాగా పోతాయంటున్నారు, అది నిజమేనా?

జవాబు (విజయవాడ నుంచి, లెక్కల పని చేస్తాను)

వస్తువుల అమ్మకానికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు. ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మితే మొదట్లో ఈ మినహాయింపు ఉండేది కాదు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్ళు పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, సొంత రాష్ట్రం లోపల మాత్రం వాటి ద్వారా అమ్ముకోవచ్చు. బెంగళూరుకో చెన్నైకో ఆ సైట్ల ద్వారా పంపాలంటే పూర్తి రిజిస్ట్రేషన్ కావాలి. సొంతంగా వేరే రాష్ట్రానికి అమ్మేటప్పుడు హస్తకళా వస్తువుల జాబితాలో ఉన్నవాటికి కొంత సడలింపు ఉంది. మీ కుషన్ కవర్లు ఆ జాబితా కిందికి వస్తాయో లేదో బిల్లు చూపించి మీ ఊళ్ళో ఆడిటర్‌ని ఒకసారి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇంకో హెచ్చరిక, ఇది నా దగ్గరివాళ్ళకే జరిగింది. "అయిదు సెట్లు తీసుకుంటాను, డబ్బు పంపడానికి ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్లు వస్తాయి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. అమ్మగారికి కూడా ఇది చెప్పి ఉంచండి.

జవాబు (డాలస్ నుంచి)

నేను కొనేవైపు ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 2025 ఆగస్టు 29 నుంచి ఇక్కడ 800 డాలర్ల లోపు పార్సెళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు. చిన్న పార్సెల్‌కి కూడా ఇప్పుడు సుంకం లెక్క వస్తోంది. ఎట్సీలో ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అమ్ముడైతే పోస్టేజీతో కలిపి 6.5 శాతం, ఆపైన చెల్లింపుల రుసుము. ఇవన్నీ కలిపి వేసుకోకుండా దిగొద్దు. మీరు సొంతంగా ఎగుమతి చేయాలంటే ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) కావాలి, దాని ఫీజు 500 రూపాయలు.

కానీ నాలాంటివాళ్ళం ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకుంటాం. నాకు కావాల్సింది ఎవరిదో పట్టుచీర కాదు. మా అమ్మ చీరలు ఆరు ఉన్నాయి, కట్టుకోలేను, ఎవరికీ ఇవ్వలేను. వాటితో బొంత కుట్టిచ్చేవాళ్ళు దొరికితే మీరు చెప్పిన ధర ఇస్తాను. డిసెంబరులో వస్తున్నాం.

జవాబు (రాజమండ్రి నుంచి)

డాలస్ చెల్లి చెప్పిందే నేను రాయబోతున్నాను. నా పనిలో ఇప్పుడు సగానికి పైగా ఇదే. బట్ట వాళ్ళది, కాబట్టి మన పెట్టుబడి దారం, లైనింగ్, కూలి మాత్రమే. సరుకు మిగిలిపోదు, తిప్పి పంపడం ఉండదు. బొంత కుట్టడం మన అమ్మమ్మలకి తెలిసిన పనే. పాత నేత చీరలు పొరలుగా పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేసేవాళ్ళు. అదే పని కొంచెం శుభ్రంగా, మూలలు సరిగ్గా తిప్పి చేస్తే చాలు.

కానీ ఇందులో బాధ్యత చాలా ఎక్కువ. చీర పాడైతే మరొకటి తెచ్చివ్వలేం. అందుకే నేను చీర అందగానే పూర్తిగా విప్పి, చిరుగులు, మరకలతో సహా వీడియో పంపుతాను. ఎక్కడ కత్తెర పెడతానో సుద్దతో గీసి ఫొటో పంపుతాను. "సరే, కత్తిరించండి" అని వాళ్ళు రాసి పంపేదాకా కత్తెర ముట్టుకోను. ఫోన్లో చెప్తే చాలదు, రాతలో ఉండాలి. సగం డబ్బు ముందే తీసుకుంటాను. మిగిలిన పీలికలు ఎంత చిన్నవైనా సంచిలో వేసి తిరిగి ఇచ్చేస్తాను. ఇద్దరివి ఒకేసారి టేబుల్ మీద పెట్టను. డిసెంబరు, జనవరిలో వచ్చేవాళ్ళకి చీరలు సెప్టెంబరులోపే పంపమని చెప్పండి, చేతికుట్టు బొంతకి నెల దాకా పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అమ్మకి చదివి వినిపించాను. బొంత అనగానే మొహం వెలిగింది, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట. ముందు మా అమ్మమ్మ చీరలతో ఒకటి కుట్టి నమూనాగా పెడతామంటోంది. ఒక్క సందేహం అక్కా. ఇంకొకళ్ళ చీరలు వచ్చినప్పుడు ముందు ఉతకాలా, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలా?

జవాబు (రాజమండ్రి నుంచి)

పట్టు అయితే నీళ్ళలో పెట్టొద్దు, డ్రైక్లీనింగే. నూలు నేత చీరలైతే ఒక మూల తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందో చూడండి, దిగితే అవీ డ్రైక్లీనింగే. దిగకపోతే విడివిడిగా చల్లనీళ్ళలో ఉతికి, నీడన ఆరేయాలి. ఏ చీరైనా రెండు రోజులు గాలికి, వెలుగుకి వేలాడదీసి పురుగు లేదని చూసుకున్నాకే మిగతా బట్టల దగ్గర పెట్టండి.

అన్నిటికంటే ముందు అడగండి. ఒకావిడ చీర పంపుతూ ఉతకొద్దు అన్నారు. పైట కొంగున పసుపు మరక ఉంది, వాళ్ళమ్మ చెయ్యి తుడుచుకున్నదట. ఆ ముక్క బొంత మధ్యలో వచ్చేలా కుట్టాను.