2,4-డీఎన్‌పీ డెరివేటివ్ 235 దగ్గర కరిగింది, నమ్మకమైన టేబుల్ ఎక్కడ దొరుకుతుంది?

అన్‌నోన్_బాధితుడు:
నమస్తే అండీ అందరికీ. ఎమ్మెస్సీ ఆర్గానిక్, వచ్చే వారమే ప్రాక్టికల్ ఎగ్జామ్. నాకొచ్చిన అన్‌నోన్ (ఏంటో కనిపెట్టాల్సిన పదార్థం) ఒక లిక్విడ్, నైట్రోజన్ లేదు హాలోజన్ లేదు, మసి మంటతో కాలింది కాబట్టి ఆరోమాటిక్ అనుకున్నా, 2,4-డీఎన్‌పీ (ఆల్డిహైడ్, కీటోన్‌లని పట్టించే రీజెంట్) వెయ్యగానే ఆరెంజ్ ప్రెసిపిటేట్, అంటే డెరివేటివ్, దిగిపోయింది. ఫిల్టర్ చేసి ఆరబెట్టి చూస్తే 233-236 డిగ్రీలకి కరిగింది. మా దగ్గరున్నది సీనియర్లిచ్చిన జిరాక్స్, అది కూడా జిరాక్స్‌కి జిరాక్స్, అందులో డీఎన్‌పీ డెరివేటివ్ మెల్టింగ్ పాయింట్ బెంజాల్డిహైడ్‌కి 237, అసిటోఫినోన్‌కి 250 అని ఉంది. సరే బెంజాల్డిహైడ్ రాసేద్దాం అనుకుంటే నెట్‌లో ఇంకోచోట అసిటోఫినోన్‌కి 238-240 అని కనపడింది. టాలెన్స్‌లో (ఆల్డిహైడ్ అయితే వెండి మిర్రర్ వచ్చే టెస్ట్) మిర్రర్ రాలేదు గానీ ట్యూబ్ సరిగ్గా కడగలేదేమో అని డౌటు, అయోడోఫాం టెస్ట్‌లో (అసిటోఫినోన్ లాంటివైతే పసుపు వస్తుంది) మాత్రం కొంచెం పసుపు వచ్చింది. అసలు ఒరిజినల్ టేబుల్స్ ఎక్కడుంటాయి? ఒక్కో పీడీఎఫ్‌లో ఒక్కో నంబర్, పిచ్చెక్కుతోంది.

పాత_లెక్చరర్:
బాబూ, ముందు మీ లైబ్రరీలో వోగెల్ ప్రాక్టికల్ ఆర్గానిక్ కెమిస్ట్రీ అడుగు, 1989లో వచ్చిన అయిదో ఎడిషన్ అయితే మంచిది, చివర్లో క్లాస్ వారీగా టేబుల్స్ ఉంటాయి. లిక్విడ్లు బాయిలింగ్ పాయింట్ వరసలో, సాలిడ్లు మెల్టింగ్ పాయింట్ వరసలో ఉంటాయి, నీకొచ్చిన దానికి అటో అయిదు ఇటో అయిదు డిగ్రీలు తీసుకుని అందులో పడినవన్నీ కాగితం మీద రాసుకోవాలి. అది దొరక్కపోతే ష్రైనర్, ఫ్యూసన్‌ల సిస్టమాటిక్ ఐడెంటిఫికేషన్ చూడు. వీటన్నిటికంటే పెద్దది రాపొపోర్ట్ ఎడిట్ చేసిన సీఆర్‌సీ టేబుల్స్, మూడో ఎడిషన్ 1967ది, యూనివర్సిటీ లైబ్రరీ రిఫరెన్స్ సెక్షన్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, అడిగితే తీసిస్తారు.

అయితే నువ్వు టేబుల్ మార్చినా గొడవ తీరదు. బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్, బెంజోఫినోన్ మూడింటి డీఎన్‌పీలూ 237-240 మధ్యే తిరుగుతాయి. అందులో బెంజోఫినోన్ సాలిడ్ కాబట్టి పోయింది, మిగిలిన రెంటికీ సెమీకార్బజోన్ (ఇంకో రకం డెరివేటివ్) చెయ్యి. బెంజాల్డిహైడ్‌ది 222, అసిటోఫినోన్‌ది 198, ఇంక పేచీ ఉండదు. పైగా మీ ల్యాబ్‌లో థీలే ట్యూబ్‌లో (మెల్టింగ్ పాయింట్ చూసే గాజు ట్యూబ్) లిక్విడ్ పారాఫిన్ అయితే 230 దాటాక పొగలో ఏం కనపడుతుంది చెప్పు, 198 అయితే కళ్ళు మండకుండా చూడొచ్చు. ఇంకోటి, రీక్రిస్టలైజ్ (కరిగించి మళ్ళీ స్ఫటికాలుగా శుద్ధి) చేశావా? ఆ మాటే రాయలేదు.

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
తమ్ముడూ నేను హైదరాబాద్‌లో ఫార్మా క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) చేస్తా, ఇక్కడ డెరివేటివ్ చేసేవాళ్ళు ఎవరూ లేరు, ఎన్‌ఎంఆర్, ఐఆర్ స్పెక్ట్రాలు తీసి పంపడమే. ఫ్రీగా కావాలంటే జపాన్ వాళ్ళ ఎస్‌డీబీఎస్‌లో స్పెక్ట్రాలు ఉంటాయి, అమెరికా వాళ్ళ నిస్ట్ వెబ్‌బుక్‌లో బాయిలింగ్ పాయింట్లు, ఐఆర్ దొరుకుతాయి. పబ్‌కెమ్‌లో (ఫ్రీ కెమికల్ డేటాబేస్) ‘అసిటోఫినోన్ డెరివేటివ్స్’ అని కొడితే లాభం లేదు, డెరివేటివ్‌నే ఒక కాంపౌండ్ లాగా పేరు పెట్టి వెతకాలి, ‘అసిటోఫినోన్ సెమీకార్బజోన్’ అని. చాలామంది ఇక్కడే దొరకలేదని వదిలేస్తారు.

నంబర్లు ఎందుకు తేడా అంటే ఈ డీఎన్‌పీల్లో సిన్, యాంటీ అని (అణువులో భాగాలు ఒకే వైపు, ఎదురు వైపు ఉన్న) రెండు రూపాలు ఉండొచ్చు, యాసిడ్ కొంచెం మిగిలినా పాయింట్ మారిపోతుంది. అసిటాల్డిహైడ్ డీఎన్‌పీకి 147 అనీ 168 అనీ రెండూ పుస్తకాల్లో ఉన్నాయి, రెండూ తప్పు కాదు మరి! అన్నట్టు థర్మామీటర్‌ని బెంజోయిక్ యాసిడ్‌తో ఒకసారి చెక్ చేసుకో, 122 రావాలి. మా కాలేజీలో ఒకటి 117 చూపించేది, ఏడాదంతా అందరం దానితోనే రికార్డులు రాశాం.

బ్యాక్‌బెంచ్_కెమిస్ట్:
అయోడోఫాం పసుపు చూసి సంతోషపడకు బ్రో, ట్యూబ్ ఎథనాల్‌తో కడిగి ఉంటే అది కూడా ఇస్తుంది. బాయిలింగ్ పాయింట్ తియ్యలేదా? బెంజాల్డిహైడ్ 179, అసిటోఫినోన్ 202, ఇంత తేడా పెట్టుకుని డెరివేటివ్‌ల దాకా ఎందుకు.

పాత_లెక్చరర్:
డెరివేటివ్‌కి మార్కులు ఉంటాయి నాయనా, అందుకు.

అన్‌నోన్_బాధితుడు:
సార్, బ్రో, అందరికీ థాంక్స్. రీక్రిస్టలైజ్ చెయ్యలేదు, నిజం ఒప్పేసుకుంటున్నా. ఇవాళ సెమీకార్బజైడ్ హైడ్రోక్లోరైడ్, సోడియం అసిటేట్ వేసి వేడి చేసి చల్లార్చితే తెల్లగా పడింది, ఆల్కహాల్‌లో రీక్రిస్టలైజ్ చేశాక 196-198. బాయిలింగ్ పాయింట్ కూడా 200 దగ్గర వచ్చింది, అసిటోఫినోనే. పాత డీఎన్‌పీని ఇథైల్ అసిటేట్‌లో రీక్రిస్టలైజ్ చేసి మళ్ళీ చూస్తే 238 అయింది, 250 మాత్రం ఎక్కడా రాలేదు. సార్, ఎగ్జామ్‌లో రికార్డులో లిటరేచర్ వాల్యూ ఏది రాయాలి, వోగెల్‌దా, మాకిచ్చిన మాన్యువల్‌దా?

పాత_లెక్చరర్:
నీకొచ్చిన 238నే ముందు రాయి. పక్కన ఏ పుస్తకంలోది రాస్తే ఆ పుస్తకం పేరు కూడా రాయి, ఎగ్జామినర్ దగ్గర వేరే టేబుల్ ఉండొచ్చు.